నెల్లిమర్ల పరిసర ప్రాంత వంతెనల సందర్శన

నెల్లిమర్ల పరిసర ప్రాంత వంతెనల సందర్శన అనగా విజయనగరం జిల్లా నెల్లిమర్ల కేంద్రంగా రహదారి ప్రయాణాలు చేస్తూ, చంపావతి, గోస్తని, నాగావళి, వంశధార మొదలైన నదులపైనా, వాటిలో కలిసే గెడ్డలపైనా ఉన్న రోడ్డు, రైలు వంతెనలను పరిశీలించడం, వాటి ఛాయాచిత్రాలు తీయడం, వివరాలు నమోదు చేయడం. ప్రయాణంలో వంతెనను కొద్ది నిమిషాలలో దాటిపోవడం వలన దాని నిర్మాణాన్ని గమనించే అవకాశం సాధారణంగా ఉండదు. ఆగి చూసినప్పుడు ఒక ప్రాంతపు నదుల స్వభావం, రవాణా చరిత్ర, ఇంజనీరింగు పద్ధతులలో వచ్చిన మార్పులు వంతెనల ద్వారా తెలుస్తాయి. పాత వంతెనలు శిథిలమై కూల్చివేతకు గురయ్యే సందర్భాలలో, వాటి రూపానికి ఛాయాచిత్రాలే చివరి ఆధారంగా మిగులుతాయి.

భౌగోళిక నేపథ్యం

నెల్లిమర్ల పట్టణం విజయనగరానికి ఈశాన్య దిశలో, చంపావతి నది సమీపంలో ఉన్నది. జనపనార మిల్లుకు ఈ ఊరు ప్రసిద్ధి. రామతీర్థం పుణ్యక్షేత్రం ఈ మండలంలోనే ఉన్నది. హౌరా - చెన్నై ప్రధాన రైలుమార్గం, విజయనగరం - పాలకొండ రహదారి రెండూ నెల్లిమర్ల మీదుగానే వెళ్తాయి. ఆ కారణంగా ఒకే నదిని రోడ్డు, రైలు మార్గాలు దగ్గర దగ్గరగా దాటే తీరును ఇక్కడ పోల్చి చూడవచ్చును.

ఉత్తరాంధ్ర నదులు తూర్పు కనుమలలో పుట్టి, తక్కువ దూరం ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తాయి. చంపావతి నది మెంటాడ మండలంలోని ఆండ్ర పరిసరాల కొండలలో మొదలై గజపతినగరం, నెల్లిమర్ల, డెంకాడ, పూసపాటిరేగ ప్రాంతాల గుండా ప్రవహించి కోనాడ వద్ద సముద్రంలో కలుస్తుంది. గోస్తని అనంతగిరి కొండలలో పుట్టి బొర్రా గుహల మీదుగా సాగి భీమునిపట్నం వద్ద సముద్రాన్ని చేరుతుంది. నాగావళి, వంశధార నదులు ఒడిషాలో పుట్టి శ్రీకాకుళం జిల్లాలో సముద్రంలో కలుస్తాయి. నాగావళికి లాంగుల్య అను పేరు కూడా కలదు.

కొండలలో భారీ వర్షం కురిసినప్పుడు ఈ నదులలో నీటిమట్టం కొన్ని గంటలలోనే పెరుగుతుంది. వేసవిలో మాత్రం చాలా చోట్ల ఇసుక మేటలు, సన్నని నీటిపాయలు మాత్రమే కనిపిస్తాయి. ఎండాకాలంలో చూసిన వారికి ఇంత చిన్న పాయకు ఇంత పొడవైన వంతెన ఎందుకు అనిపించడం సహజం. వంతెన పొడవును, ఎత్తును నిర్ణయించేది ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించే నీరు కాదు, అరుదుగా వచ్చే పెద్ద వరద.

చరిత్ర

ఈ ప్రాంతంలో పెద్ద వంతెనల నిర్మాణం రైలుమార్గాలతో ముడిపడి ఉన్నది. విజయవాడ నుండి కటక్ వరకు తూర్పు తీర రైలుమార్గం 1893 - 1896 మధ్యకాలంలో ప్రారంభమైనది. తీరానికి సమాంతరంగా సాగే మార్గం కావడం వలన, కనుమల నుండి సముద్రానికి పోయే ప్రతి నదినీ, ప్రతి గెడ్డనూ ఇది అడ్డంగా దాటవలసి వచ్చింది. నెల్లిమర్ల వద్ద చంపావతిని, ఆమదాలవలస పరిసరాలలో నాగావళిని, ఆమదాలవలసకు ఉత్తరాన వంశధారను ఈ మార్గం దాటుతుంది.

విజయనగరం నుండి పార్వతీపురం వరకు రైలుమార్గం 1908 - 1909లో ఏర్పడినది. బొబ్బిలి నుండి సాలూరుకు శాఖా మార్గం 1913లో వచ్చినది. పార్వతీపురం నుండి రాయ్‌పూర్ వరకు మార్గం 1931లో పూర్తయినది. శ్రీకాకుళం జిల్లాలోని నౌపడా నుండి పర్లాకిమిడికి 1900లో నారోగేజి రైలు ప్రారంభమై, 1931లో గుణుపూర్ వరకు పొడిగించబడినది. ఈ మార్గంలో నారోగేజి రైళ్లు 2004లో ఆగిపోయాయి. బ్రాడ్‌గేజిగా మారిన తరువాత 2010లో పర్లాకిమిడి వరకు, 2011లో గుణుపూర్ వరకు రైళ్లు తిరిగి నడిచాయి. గేజి మార్పిడిలో మార్గపు వెడల్పు, మోయవలసిన బరువు రెండూ మారతాయి కనుక పాత చిన్న వంతెనలకు ఆ బరువు మోసే శక్తి ఉండదు. కొత్త మార్గం పక్కన ఎక్కడైనా పాత రాతికట్టు మిగిలి ఉంటే, అది అంతకుముందటి రైలుకు ఆనవాలు.

కొత్తవలస - కిరండోల్ రైలుమార్గం 1960వ దశకంలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు తరలించే ఉద్దేశంతో నిర్మించబడినది. శృంగవరపుకోట దాటిన తరువాత ఈ మార్గం కనుమలను ఎక్కుతూ అనేక సొరంగాలు, లోయలపై ఎత్తైన వంతెనల గుండా అరకు చేరుతుంది. దారిలోని సిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్నది. విశాఖపట్నం - అరకు రైలుకు 2017లో అద్దాల పైకప్పు గల విస్టాడోం పెట్టె జతచేయబడినది. ఈ వంతెనలను చట్టబద్ధంగా, సురక్షితంగా చూడడానికి రైలులో కూర్చుని ప్రయాణించడమే ఉత్తమ మార్గం.

వంతెనల రకాలు, వాటిని గుర్తించు విధానం

వంతెనను చూడగానే ముందుగా గమనించవలసినది బరువు ఏ దారిన నేలకు చేరుతున్నది అనే విషయం.

కమాను వంతెన: రాయి, ఇటుక నొక్కుడు బలాన్ని బాగా తట్టుకుంటాయి, లాగుడు బలాన్ని తట్టుకోలేవు. కమాను ఆకారంలో రాళ్లు ఒకదానినొకటి నొక్కుకుంటూ బరువును ఇరువైపులకు పంపుతాయి. అందువలన చివరి గోడలు బలంగా ఉండాలి. రైలుకట్టల కింద చిన్న గెడ్డలపై ఈ రకం ఎక్కువగా కనిపిస్తుంది.

దూలపు వంతెన: స్తంభాలపై ఉక్కు గర్డర్లు లేదా కాంక్రీటు దూలాలు అడ్డంగా పరచబడి ఉంటాయి. దూలం పైభాగం నొక్కుడుకు, కిందిభాగం లాగుడుకు లోనవుతాయి. లాగుడును తట్టుకోవడానికే కాంక్రీటు దూలాల కిందిభాగంలో ఉక్కు ఊచలు వేస్తారు. ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటులో ఉక్కు తీగలను ముందుగానే బిగించి, దూలాన్ని ఎప్పుడూ నొక్కుడులో ఉంచుతారు. జాతీయ రహదారులపై కొత్త వంతెనలలో ఈ పద్ధతి సాధారణం.

ట్రస్ వంతెన: ఉక్కు కడ్డీలను త్రికోణాలుగా కలిపి కట్టినది. చతురస్రం ఒత్తిడికి పక్కకు ఒరుగుతుంది, త్రికోణం భుజాల పొడవు మారనంత వరకు ఆకారం మారదు. పాత ట్రస్సులలో కడ్డీలను రివెట్లతో కలిపేవారు. గుండ్రని రివెట్ల తలలు వరుసగా కనిపిస్తే అది పాతకాలపు పనితనమని చాలావరకు భావించవచ్చును.

కాజ్‌వే: నదీగర్భానికి కొద్ది ఎత్తున మాత్రమే వేసిన దారి. వరద వచ్చినప్పుడు నీరు దీని పైనుండే పోతుంది. ఏజెన్సీ ప్రాంతపు గెడ్డలపై ఇవి ఎక్కువ. ఖర్చు తక్కువే అయినా వర్షాకాలంలో రాకపోకలు నిలిచిపోతాయి.

ఒక వంతెనలో రెండు స్తంభాల మధ్య దూరాన్ని ఖానా అంటారు. ఖానాల సంఖ్య, వాటి పొడవు చూసి నిర్మాణకాలాన్ని కొంతవరకు ఊహించవచ్చును. రాజమండ్రి వద్ద గోదావరిపై ఉన్న రెండు వంతెనలు ఇందుకు మంచి ఉదాహరణ. 1900లో ప్రారంభమై 1997 వరకు రైళ్లు నడిచిన హేవ్‌లాక్ వంతెనకు 56 ఖానాలు ఉండగా, దాని స్థానంలో 1997లో వాడుకలోకి వచ్చిన ఆర్చి వంతెనకు 28 ఖానాలు మాత్రమే ఉన్నాయి. అనగా దాదాపు అదే వెడల్పు గల నదిని సగం ఖానాలతో దాటగలిగారు.

గమనించదగిన మరొక భాగం బేరింగు. ఉక్కు ఎండకు సాగుతుంది. 30 మీటర్ల ఉక్కు గర్డరు ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగినప్పుడు సుమారు 11 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. దీనికి చోటు లేకపోతే స్తంభంపై ఒత్తిడి పడుతుంది. అందుచేత గర్డరు ఒక చివరను స్థిరంగా ఉంచి, రెండవ చివరను కదలగలిగేలా అమర్చుతారు. రోడ్డు వంతెనలను దాటేటప్పుడు టకటకమని వినిపించే చప్పుడు ఈ కదలిక కోసం వదిలిన సందులదే.

రైలు వంతెనల వద్ద వంతెన సంఖ్య రాసి ఉంటుంది. పలు వంతెనల స్తంభాలపై గతంలో నమోదైన అత్యధిక వరద మట్టాన్ని, ప్రమాద స్థాయిని సూచించే గీతలు కూడా ఉంటాయి. వేసవిలో ఎండిన నదిని చూస్తూ ఆ గీత ఎంత ఎత్తున ఉన్నదో గమనిస్తే నది అసలు స్వభావం అర్థమవుతుంది.

ముఖ్య ప్రయాణ మార్గాలు

తీర మార్గం: నెల్లిమర్ల నుండి డెంకాడ మండలంలోని నాతవలస చేరవచ్చును. ఒడిషాలోని బర్‌గఢ్ నుండి వచ్చే 26వ జాతీయ రహదారి ఇక్కడ 16వ జాతీయ రహదారిలో కలుస్తుంది. 2010లో రహదారుల సంఖ్యలు మార్చడానికి ముందు విజయనగరం - సాలూరు మార్గానికి 43వ సంఖ్య ఉండేది. పాత పటాలు, పాత మైలురాళ్లు చూసేవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి. నాతవలస వద్ద చంపావతిని, దక్షిణాన తగరపువలస వద్ద గోస్తనిని జాతీయ రహదారి దాటుతుంది. అక్కడి నుండి గోస్తని సముద్రంలో కలిసే భీమునిపట్నం దగ్గరే.

పాలకొండ మార్గం: నెల్లిమర్ల, చీపురుపల్లి, రాజాం మీదుగా పాలకొండ వెళ్లే ఈ రహదారి రాజాం, పాలకొండల నడుమ నాగావళిని దాటుతుంది. సమీపంలోని వంగర మండలం సంగాం వద్ద నాగావళిలో సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి. అక్కడ సంగమేశ్వరాలయం ఉన్నది. నాగావళిపై ఎగువన ఉన్న తోటపల్లి వద్ద 1908 నాటి పాత రెగ్యులేటరు స్థానంలో నిర్మించిన బ్యారేజి 2015లో ప్రారంభమైనది. బ్యారేజి పైనుండి దారి ఉన్నప్పటికీ అది ప్రధానంగా నీటిని నిలిపే కట్టడం. వంతెన నీటికి వీలైనంత దారి వదలాలి, బ్యారేజి నీటిని అదుపు చేయాలి. అందువలన రెండింటి స్తంభాల ఆకారం, దగ్గరతనం వేరుగా ఉంటాయి.

శ్రీకాకుళం మార్గం: 16వ జాతీయ రహదారిపై ఉత్తరంగా వెళ్తే శ్రీకాకుళం వద్ద నాగావళి, నరసన్నపేట సమీపంలోని మడపాం వద్ద వంశధార వస్తాయి. శ్రీకాకుళం పట్టణంలో నాగావళిపై ఉన్న పాత, కొత్త వంతెనలను పోల్చి చూడవచ్చును. వంశధార దిగువన ఉన్న శాలిహుండం బౌద్ధ క్షేత్రపు కొండ మీది నుండి నదీ విస్తారం చక్కగా కనిపిస్తుంది.

సాలూరు, అరకు మార్గాలు: 26వ జాతీయ రహదారిపై గజపతినగరం వద్ద చంపావతిని, సాలూరు వద్ద వేగావతిని చూడవచ్చును. విజయనగరం నుండి శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లే ఘాట్ రోడ్డులో గెడ్డలపై చిన్న వంతెనలు అనేకం తగులుతాయి. కొండవాలుపై నీరు రోడ్డు కిందుగా పోయేందుకు వేసిన తూములు ఇక్కడ పెద్ద వంతెనలంత ముఖ్యమైనవి. తూము పూడుకుపోతే నీరు రోడ్డుకట్టను కోసివేస్తుంది.

ఛాయాచిత్రణ

వెలుగు దిశ: చంపావతి స్థూలంగా వాయవ్యం నుండి ఆగ్నేయానికి ప్రవహిస్తుంది. తీరానికి సమాంతరంగా వెళ్లే రోడ్డు, రైలు మార్గాలు నైరుతి నుండి ఈశాన్యానికి సాగుతాయి. ఈ కారణంగా ఉదయపు వెలుగు వంతెన దిగువ ముఖంపై, సాయంత్రపు వెలుగు ఎగువ ముఖంపై పడుతుంది. నాగావళి, వంశధారలపై తీర మార్గపు వంతెనలకు కూడా ఈ సూత్రం సాధారణంగా వర్తిస్తుంది. ఉదయం దిగువ ఒడ్డున, సాయంత్రం ఎగువ ఒడ్డున నిలబడడం అనుకూలం. నడిమధ్యాహ్నం వంతెన కిందిభాగం పూర్తిగా నీడలో ఉండి వివరాలు కనబడవు.

కాలం: జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల నీరు, అక్టోబరు, నవంబరులలో తుఫానుల ప్రభావం ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలలలో ఉదయపు మంచు తెర అందాన్నిస్తుంది. మార్చి నుండి మే వరకు నీరు తగ్గి స్తంభాల అడుగుభాగాలు బయటపడతాయి కనుక నిర్మాణ వివరాల నమోదుకు ఆ కాలం మేలు. ఒకే చోటు నుండి వరదలోనూ, వేసవిలోనూ తీసిన రెండు చిత్రాలు పక్కపక్కన ఉంచితే నది గురించి ఎంతో తెలుస్తుంది.

చిత్రాల క్రమం: ఉపయోగకరమైన నమోదుకు కనీసం నాలుగు చిత్రాలు అవసరం. ఒడ్డు నుండి మొత్తం వంతెన కనిపించే చిత్రం, ఒక ఖానా పూర్తిగా కనిపించే పార్శ్వ చిత్రం, స్తంభం, బేరింగు కలిసే చోటు దగ్గరి చిత్రం, శిలాఫలకం లేదా వంతెన సంఖ్య చిత్రం. కొలత తెలియడానికి పక్కన ఒక మనిషి లేదా సైకిలు ఉండడం మంచిది. తేదీ, నది పేరు, సమీప గ్రామం, నీటిమట్టం రాసిపెట్టుకోనిదే చిత్రానికి చారిత్రక విలువ తక్కువ.

హక్కులు: భారత కాపీహక్కు చట్టం (1957) 52వ సెక్షన్ ప్రకారం కట్టడాల ఛాయాచిత్రాలు తీసి ప్రచురించడం కాపీహక్కు ఉల్లంఘన కాదు. కనుక వంతెనల చిత్రాలను 2004లో ప్రారంభమైన వికీమీడియా కామన్స్ వంటి చోట్ల స్వేచ్ఛగా చేర్చవచ్చును. ఇది కాపీహక్కుకు సంబంధించినది మాత్రమే. నిషేధిత ప్రదేశాలు, రైల్వే ఆవరణల నిబంధనలు వేరుగా వర్తిస్తాయి.

భద్రత, చట్టం

రైలు వంతెనపై నడవడం అత్యంత ప్రమాదకరం. చాలా వంతెనలపై పక్కకు తప్పుకొనే చోటు ఉండదు. గాలి వాలును బట్టి రైలు శబ్దం ఆలస్యంగా వినిపించవచ్చును. 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం రైల్వే ఆవరణలో అనధికారికంగా ప్రవేశించడం శిక్షార్హమైన నేరం. 2013 నవంబరు 2న విజయనగరం సమీపంలోని గొట్లాం వద్ద, మంటలు లేచాయన్న వదంతితో రైలు దిగి పక్క పట్టాలపైకి వచ్చిన ప్రయాణికులను మరొక రైలు ఢీకొనగా పలువురు మరణించారు. పట్టాలపై ఉన్న మనిషికి ఎదురుగా వచ్చే రైలును తప్పించుకొనే వ్యవధి ఎంత తక్కువో ఈ దుర్ఘటన తెలియజేస్తుంది.

వాడుకలో లేని పాత వంతెనలు కూడా సురక్షితం కావు. 2025 జూన్ 15న మహారాష్ట్రలోని పుణె సమీపాన కుండమల వద్ద ఇంద్రాయణి నదిపై ఉన్న పాత ఇనుప వంతెన, దానిపై సందర్శకులు గుమికూడి ఉండగా కూలి నలుగురు మరణించారు. హెచ్చరిక బోర్డు ఉన్న వంతెనను ఒడ్డు నుండే చిత్రించాలి. చిత్రం కోసం పిట్టగోడ ఎక్కడం, జాతీయ రహదారి వంతెనపై వాహనం ఆపడం కూడదు. వంతెన దాటిన తరువాత ఖాళీ స్థలంలో వాహనం నిలిపి, ఒడ్డుకు నడిచి వెళ్లడం సరైన పద్ధతి.

ఇసుక తిన్నెలపై దిగినప్పుడు ఎగువన వర్షం, జలాశయాల నుండి నీటి విడుదల గురించి స్థానికులను అడిగి తెలుసుకోవాలి. కాజ్‌వే మీదుగా నీరు పారుతున్నప్పుడు లోతు తక్కువగా కనిపించినా దాటరాదు. డ్రోను వాడదలచినవారు 2021 నాటి డ్రోన్ నియమాల ప్రకారం ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాల పటాన్ని ముందుగా చూడాలి. విశాఖపట్నం నౌకాదళ స్థావరాలు, భోగాపురం విమానాశ్రయం ఈ ప్రాంతానికి దగ్గరలో ఉన్నందున ఈ జాగ్రత్త మరింత అవసరం.

వంతెనలకు పొంచి ఉన్న ముప్పు

నదీ వంతెనలు దెబ్బతినడానికి ప్రధాన కారణాలలో ఒకటి కోత. ప్రవాహానికి స్తంభం అడ్డుపడినప్పుడు నీరు సుడి తిరిగి స్తంభం మొదట్లోని ఇసుకను తోడివేస్తుంది. దీనిని తట్టుకోవడానికే నదీగర్భంలో లోతుగా బావుల వంటి పునాదులు దించుతారు. వంతెన దగ్గర ఇసుక తవ్వితే నదీగర్భం కిందికి దిగి, పునాది పట్టు తగ్గుతుంది. అందుచేత ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (2002) కింద రూపొందిన నియమాలు వంతెనలకు 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకాన్ని నిషేధించాయి. స్తంభం అడుగున పునాది బయటపడి కనిపిస్తే, తేదీతో కూడిన ఛాయాచిత్రం ఇంజనీరింగు అధికారులకు పనికివచ్చే ఆధారమవుతుంది.

చిన్న వంతెనల పట్ల నిర్లక్ష్యం ఎంత నష్టం కలిగిస్తుందో 2005 అక్టోబరు 29న నల్గొండ జిల్లా వలిగొండ వద్ద జరిగిన ప్రమాదం చూపినది. చెరువుగట్టు తెగి వచ్చిన వరదకు చిన్న రైలు వంతెన కొట్టుకొనిపోగా, డెల్టా ప్యాసింజరు పట్టాలు తప్పి వంద మందికి పైగా మరణించారు. దేశంలోని జాతీయ రహదారుల వంతెనల వివరాలు, స్థితిగతులు నమోదు చేసేందుకు కేంద్ర ప్రభుత్వం 2016లో భారత వంతెనల నిర్వహణ వ్యవస్థను ప్రారంభించినది. గ్రామీణ మార్గాలలోని చిన్న వంతెనల విషయంలో స్థానికుల పరిశీలనకు ఇప్పటికీ ప్రాధాన్యం ఉన్నది.

పూర్తికాని వంతెన కూడా నమోదు చేయదగినదే. పార్వతీపురం మన్యం జిల్లా కొమరాడ మండలంలో నాగావళిపై పూర్ణపాడు - లాబేసు వంతెన పనులు 2006లో మొదలై ఏళ్ల తరబడి అసంపూర్తిగా నిలిచాయి. నదికి అవతలి గ్రామాల ప్రజలు పడవలపైనో, దూరపు చుట్టుదారిలోనో ప్రయాణించవలసి వచ్చింది. నది మధ్య నిలిచిన స్తంభాల చిత్రం సందర్శకునికి వింతగా కనిపించవచ్చును. అవతలి ఒడ్డున రోగిని ఆసుపత్రికి చేర్చవలసిన కుటుంబానికి మాత్రం ఆ స్తంభాల మధ్య ఖాళీయే ముఖ్యం. వంతెనను చూడడానికి వెళ్లినవారు దానిపై నడిచే ప్రజలను, అది లేక ఆగిపోయిన ప్రజలను కూడా గమనించినప్పుడే ఆ సందర్శన సంపూర్ణమవుతుంది.